కత్తిపీట మీద కోసిన యాత్రలు

ఆ ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి మా బావ ఒక పుస్తకాన్ని కత్తిపీట మీద పెట్టి రెండు ముక్కలు చేశాడు. టైము గుర్తుండడానికి కారణం ఉంది. ఏడున్నరకు నేను పోర్టు బస్సు పట్టుకోవాలి. అందుకని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. వంటింట్లో మా అక్క వంకాయలు ముందు పెట్టుకుని కత్తిపీట కోసం వెతుకుతోంది.

బావ అంటే మా అక్క భర్త. ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక గోపాలపట్నంలో ఇల్లు తీసుకున్నాడు. నేను అదే పేటలో, రెండు వీధులవతల. నేను ఆయన్ని బావా అనేవాడిని, ఆయన నన్నూ బావా అనేవాడు. మా వైపు మగవాళ్ళు బంధుత్వం ఉన్నా లేకపోయినా అలాగే పిలుచుకుంటారు. మా విషయంలో బంధుత్వం కూడా ఉంది, అంతే తేడా.

గొడవ ఆ పుస్తకం ఎవరు ముందు చదవాలన్నదాని మీద. ఎడారి దాటిన ఒకాయన రాసిన పుస్తకం అది. పూర్ణా మార్కెట్ వైపు ఫుట్‌పాత్ మీద దొరికింది. ముందు చూసింది నేను. కొన్నది ఆయన. నా డ్యూటీ ముగిసే వేళకు ఆయన షిఫ్టు మొదలయ్యేది. పుస్తకం ఒకరి దగ్గరికి వెళితే రెండోవాడు పది రోజులు ఎదురు చూడాలి. ఇద్దరం పెద్దవాళ్ళమే. అయినా గొంతులు పెరిగాయి.

"రోజూ ఈ గోలేటి?" అంది అక్క వంటింట్లోంచి. "రెండు ముక్కలు సేసి సెరోటీ అట్టుకుపొండి. పీడ పోద్ది."

మా అక్క ఎత్తిపొడుపుగా అన్న మాటను తీర్పుగా తీసుకునే మనిషి లోకంలో మా బావ ఒక్కడే. ఆయన లేచి, కత్తిపీట తెచ్చుకుని, కాలు నొక్కిపెట్టి కూర్చుని కోసేశాడు. కత్తిపీట వంకాయల కోసం చేసిన వస్తువు. పుస్తకం వెన్ను మీద సరిగ్గా పడలేదు. మధ్యలో రెండు పేజీలు అడ్డంగా తెగాయి. ఆ ఎడారి యాత్రలో ఒంటెకు ఏమైందో మాకు ఈ రోజుకీ తెలియదు.

"ఇప్పుడీ కత్తిపీటకి గమ్ము కంపు," అంది అక్క. "సాయంత్రం కూరలో మీకే ఏసి పెడతాను, తినండి."

నేను మొదటి సగం వైపు చెయ్యి చాపుతూనే ఆగాను. పెద్దవాడు, కొన్నవాడు, ఆయనే ముందు భాగం తీసుకుంటాడనుకున్నాను. ఆయన రెండో సగం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అదేటి బావా, సివర్నుంచి సదువుతావేటి?"

"మొదటి సగంలో ఏటుంటది బావా? ఆడు ఇంట్లో గొడవాడి బయల్దేరతాడు. సామాన్లు సర్దుకుంటాడు. ఎవుడో ఒద్దంటాడు, ఈడు ఇనడు. అంతే కద. అన్ని పుస్తకాల్లోనూ అంతే."

అలా మొదలైంది. తర్వాత బ్లేడు వాడడం నేర్చుకున్నాం. వెన్ను దగ్గర కుట్టు ఎక్కడుందో చూసుకుని, దారం తెంపి, పేజీ పోకుండా విడదీయడం వచ్చింది. రూలు కూడా ఒకటి పెట్టుకున్నాం. మార్చుకునేదాకా ఎవరి సగం గురించి వాళ్ళు నోరు విప్పకూడదు. మార్పిడి ఆదివారం ఉదయం, వాళ్ళింటి వరండాలో, టీతో. దీవిని సైకిల్ మీద చుట్టి వచ్చిన గుమాస్తా, చలి దేశంలో రైలు దిగాల్సిన చోట దిగకుండా నిద్రపోయిన ఆవిడ, మంచు కొండల్లో చెప్పులు పోగొట్టుకున్న పంతులు, వీళ్ళందరూ మా ఇంట్లో నడుముకు తెగి పడి ఉండేవారు. ఏ యాత్ర అయినా ఎందుకు మొదలైందో నాకు తెలిసేది. ఎక్కడికి చేరిందో ఆయనకు తెలిసేది. ఇద్దరం ఎవరికి తెలిసినదాని గురించి వాళ్ళు గొప్పలు పోయేవాళ్ళం.

ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ ముక్కలు చూసి ఎలకలు కొట్టాయా అని అడిగేవారు. "ఆఁ, రెండు," అనేది అక్క.

ఈ కోతలు మొదలవక ముందే నేను పత్రికలో చేరింది కూడా ఇలాంటి పుస్తకాల మూలాన్నే. విలేకరి అయితే ఊళ్ళు తిరగొచ్చు, పైగా ఖర్చులిచ్చి వాళ్ళే పంపుతారు అనుకున్నాను. పంపారు. సిటీ బస్సులో పోర్టుకు. నాకు ఇచ్చిన పని ఓడల రాకపోకల కాలమ్. ఏ ఓడ వచ్చింది, ఏ బెర్తులో, అంటే రేవులో ఏ గట్టు దగ్గర కట్టి ఉంది, ఏం దించుతోంది, ఏం ఎక్కిస్తోంది. మొదటి రోజు సముద్రపు గాలి తగులుతుందని కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీ చూపించి, కాగితం చేతికిచ్చి, రాసుకోమన్నారు. కిటికీలోంచి ఇంకో ఆఫీసు గోడ కనిపించేది. ఓడలు ప్రపంచం చుట్టి వచ్చేవి. నేను గోపాలపట్నం నుంచి వచ్చేవాడిని. ఇద్దరం పోర్టులో కలుసుకునేవాళ్ళం, కాగితం మీద.

అయినా పుస్తకాలు చదివిన చెయ్యి ఊరుకోదు. కాలమ్‌తో పాటు వార్తలు కూడా రాయనిచ్చినప్పుడు నేను చూసినదల్లా రాసేవాడిని. గేటు బయట డ్రైవర్లు లారీల కింద చాపలు వేసుకుని ఎలా పడుకున్నారో, బొగ్గు దుమ్ము పడకుండా టీ కొట్టాయన గ్లాసుల మీద ఏం కప్పాడో, అవన్నీ చివరి పేరాలో పెట్టేవాడిని. మా డెస్కులో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సబ్‌ఎడిటర్ ఉండేవారు. మర్యాదస్థుడు. స్థలం చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. అది పత్రికల్లో పాత అలవాటు. ముఖ్యమైనది పైన ఉంటుంది కాబట్టి కింద ఏం పోయినా నష్టం లేదని లెక్క. మా పత్రికలో స్థలం ఎప్పుడూ చాలేది కాదు.

"ఏమండీ, బాగా రాశారండీ," అనేవారాయన. "ఆ టీ గ్లాసులదీ అదీ చాలా బాగుందండీ. తీసేశాను."

ఓడల కాలమ్‌కీ అదే గతి. దానిలో ఆఖరి వరస, బెర్తు దొరక్క హార్బరు బయట లంగరు వేసుకుని ఉన్న ఓడల పేర్లు. నేను రోజూ రాసేవాడిని. ఆయన రోజూ కోసేవారు. "లోపలికి వచ్చాక ఎలాగూ వేస్తాం కదండీ," అనేవారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

ఈ కోతలన్నింటికీ ఒక పాఠకుడు ఉండేవాడు. ఆదివారం టీ గ్లాసు అందుకోగానే బావ మొదటి మాట అదే.

"ఈ వారం ఏటి కోసీసినారు?"

నేను చెప్పేవాడిని. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. అచ్చయిన వార్త ఆయన చదివేవాడో లేదో నాకు అనుమానమే.

"మొదట్లో అందరూ అబద్ధాలే బావా," అన్నాడొకసారి. "యాత్రకెల్లినోడైనా, పేపరోడైనా. మంత్రిగారన్నారు, అధికారులు తెలిపారు అని బిగుసుకుని కూకుంటారు. సివర్కొచ్చేతలికి కాళ్ళు నొప్పెడతాయి. అప్పుడు నిజం సెప్తారు. మీ డెస్కాయన ఎవురోగానీ, నిజమెక్కడుందో బాగా తెల్సు. సరిగ్గా అక్కడే కోత్తన్నాడు."

ఆ మాట మా సబ్‌ఎడిటర్‌కు చెప్పాను. ఆయన సంతోషించారు.

మేమిద్దరం కలిసి ఒకసారి యాత్రకు కూడా వెళ్ళాం. ఒక పుస్తకం రెండో సగంలో ఉందట, నిజమైన యాత్రికుడు తనకు తెలియని స్టేషన్లో, ఎవరూ తనను ఎరగని చోట దిగిపోవాలని. మార్పిడి కాకముందే బావ రూలు తప్పి ఆ సంగతి నాకు చెప్పాడు. అంత నచ్చింది. ఆయనకు ఆఫ్ ఉన్న రోజు చూసుకుని, నేను సెలవు పెట్టి, దువ్వాడలో పాసెంజరు ఎక్కాం. ఎలమంచిలి వైపు చిన్న స్టేషన్లు చాలా ఉన్నాయి. ఏదో ఒకదానిలో దిగుదామనుకున్నాం. సంచిలో అక్క కట్టిచ్చిన పులిహోర, మంచినీళ్ళ సీసా, పుస్తకం రెండు సగాలు.

అనకాపల్లి దాటాక ఒక చోట బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఒక కుక్క, ఒక బెంచీ. "ఇదే," అన్నాడు బావ. దిగాం. బండి వెళ్ళిపోయింది. బావ చుట్టూ చూసి, గట్టిగా ఊపిరి పీల్చి, తృప్తిగా తల ఊపాడు. బెంచీ అవతల పక్క నుంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు.

"ఏటి నాయినా, ఇక్కడ దిగిపోనావు? మీ అమ్మకి ఒంట్లో బాగునేదేటి?"

ఆయన బావ వాళ్ళ అమ్మకు వరసకు అన్న. అప్పటికే ఆయన ఎవరి చేతో కబురు పంపేశాడు. మధ్యాహ్నానికి మేం ఎలమంచిలి అవతల మా బావ పుట్టిన ఇంట్లో పీటల మీద కూర్చుని భోజనం చేస్తున్నాం. వాళ్ళమ్మ చేపల పులుసు వడ్డిస్తూ మా సంచి వైపు అనుమానంగా చూసింది.

"ఇంటికాడ పెళ్ళాంతో గొడవాడి ఒచ్చీసినావేటిరా?"

"నేదమ్మా. యాత్రకి ఎల్తన్నాం."

"ఎక్కడికి?"

బావ నా వైపు చూశాడు. "తెల్నేదమ్మా," అన్నాడు.

"అయితే గొడవాడినావు," అంది ఆవిడ. మాకు తెలియకుండా పక్కింటి ఫోను నుంచి మా అక్కకు చెప్పించింది కూడా. యాత్రికుడికి మొదట కావలసింది ఎవరూ ఎరగని ఊరు. మా జిల్లాలో మాకు అటువంటి ఊరు దొరకలేదు. మొదటి సగంలో యాత్రికుడు ఇంట్లో గొడవపడి బయల్దేరతాడన్న బావ సిద్ధాంతం మాత్రం వాళ్ళమ్మ నోట్లోంచి రుజువైంది.

ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళలేదు. చదవడం మాత్రం ఆపలేదు. ఆయన రిటైరయ్యాడు. నేను రిటైరయ్యే వయసుకు వచ్చినా, పత్రికవాళ్ళు నన్ను పోర్టు దగ్గరే మరిచిపోయారు. ఓడ ఎక్కడుందో ఇప్పుడు ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు కాబట్టి ఓడల కాలమ్ తీసేశారు. వార్తలు రాస్తున్నాను. సబ్‌ఎడిటర్లు మారారు. కోసే చోటు మారలేదు.

ఆఖరి పుస్తకం ఫుట్‌పాత్ మీదే దొరికింది. ఎప్పటిదో అనువాదం, అట్ట లేదు. సరుకుల ఓడలో వంటవాడికి సాయంగా చేరి రేవు రేవుకీ తిరిగిన ఒకతను రాసింది. బావ ఎప్పటిలాగే కోశాడు, రెండో సగం తీసుకున్నాడు. నా సగంలో అతను ఇంట్లో గొడవపడి బయల్దేరాడు.

గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా బావ ఫోన్ చేశాడు. నవ్వుతున్నాడు. మాట అందడం లేదు.

"ఏటి బావా, ఏటయ్యింది?"

"బావా, మనూరొత్తది ఇందులో."

"వైజాగా? ఓడ ఇక్కడికొచ్చిందా?"

"ఒచ్చింది. నీ గురించి కూడా ఉన్నట్టే అనుకో."

"నా గురించేటి?"

"సెప్పను. రూలు రూలే. ఆదివారం రా." మళ్ళీ నవ్వు. వెనకాల అక్క గొంతు వినిపించింది, ఆ నవ్వేటి, బిళ్ళేసుకున్నావా లేదా అని.

శనివారం ఆయన పోయాడు. గుండె. ఆటోలో ఎక్కించేలోపే. దీని గురించి ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

పత్రికలో నాలుగు వాక్యాలు రాసి ఇచ్చాను. విశ్రాంత ఉద్యోగి, ఊరు, భార్య ఉన్నారు, ఆయన పుస్తకాలు చివరి నుంచి చదివేవారు. మర్నాడు మూడు వాక్యాలు అచ్చయ్యాయి. ఆ రోజు ఆదివారం. ఏం కోశారో చెప్పడానికి నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. టెంటు వేసేవాళ్ళు నన్ను లేవమన్నారు.

చావు జరిగిన ఇంట్లో పుస్తకం గురించి అడగడం బాగుండదు. అడగకుండా ఉండడం కూడా నాకు చేతకాలేదు. పన్నెండో రోజు దాకా ఆగాను. ఈ లోపల నా భయం ఒకటే. ఇల్లు సర్దుతారు. అట్టలేని సగం పుస్తకాన్ని ఎవరైనా పాత కాగితాల్లో వేసేస్తారు. ఆయన దేనికి నవ్వాడో నాకు ఇంక తెలియదు. వచ్చిన వాళ్ళందరూ ఆయన మంచితనం గురించి మాట్లాడుతుంటే నేను బీరువా మీదా, మంచం కిందా చూస్తూ తిరిగాను. నన్ను చూసి, పాపం తట్టుకోలేకపోతున్నాడు అన్నారు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అక్క దగ్గర కూర్చున్నాను.

"అక్కా, బావ దగ్గర సగం పుస్తకం ఒకటి ఉండాల."

"ఉంది," అంది అక్క.

"ఎక్కడ?"

ఒళ్ళోంచి చీర కొంగు తీసింది. అక్కడ ఉంది. "నాను సదువుతన్నాను," అంది.

మా అక్క పుస్తకం చదవడం నేను అంతకుముందు చూడలేదు. బడి అయిదో తరగతితో మానేసింది. పేపరు చదువుతుంది, అదీ నేను రాసింది కాదు, రాశిఫలాలు. ఈ పన్నెండు రోజులూ మూల కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు ఒకే మాట చెప్పి ఏడుస్తున్నారు. తల వంచుకుని కూర్చుంటే ఎవరూ పలకరించరని తెలుసుకుంది. తల వంచుకుంటే ఒళ్ళో పుస్తకం కనిపించింది.

"ఏటి పుస్తకమిది? మజ్జిలోంచి మొదలవుతాది. ఈ వంటోడికీ ఈడికీ గొడవెందుకొచ్చింది?"

"అది మొదటి సగంలో ఉంది."

"అయితే తే."

"నువ్వది ఇయ్యి, నానిది తెత్తాను. మార్చుకుంటాం కద. అదే పద్ధతి."

"నాను అవ్వగొట్టనేదు. అవ్వకుండా ఎలగిత్తాను?"

"పోనీ ఒక్క మాట సెప్పు. మనూరొత్తదంట కద. అక్కడేటుంది?"

అక్క నా ముఖంలోకి చూసింది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో పాత ఎగతాళి కనిపించింది.

"మీ బావ సెప్పినాడేటి?"

"నేదు."

"మరి నానెందుకు సెప్తాను? ముప్పై ఏళ్ళు ఆ వరండాలో మీ రూలు ఇన్నాను."

మర్నాడు నా సగం తీసుకెళ్ళి ఇచ్చాను. మార్పిడి కాదు, ఇచ్చేశాను. మా పద్ధతిలో అది మొదటిసారి. ఆమె అందుకుని, ముందు రెండో సగం కింద పెట్టి, తర్వాత సరిచేసుకుని కింద నుంచి తీసి పైన పెట్టింది. రెండూ కలిపి అంచులు తట్టింది.

"ఇలగుండాలి పుస్తకం," అంది. "నడుం ఇరిగిన పాములాగ ఏటిరా అది."

నేను వారం వారం వెళ్ళాను. ఆమె మెల్లగా, పెదాలు కదుపుతూ, మొదటి పేజీ నుంచి చదువుతోంది. తొందర పెడితే పుస్తకం మూసేసేది. టీ ఇచ్చేది. ఏం కోశారని అడిగేది కాదు. నేనూ చెప్పలేదు. ఆ నెలలోనే కొత్త సబ్‌ఎడిటరమ్మాయి నాతో, "సర్, ఈమధ్య మీ వార్తల్లో కొయ్యడానికి ఏమీ ఉండట్లేదు. చాలా టైట్‌గా రాస్తున్నారు," అంది. మెచ్చుకోలే. చివరి పేరా రాయడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి అక్క పుస్తకం నా చేతిలో పెట్టింది. చదవడం అయిపోయాక గోపాలపట్నం మార్కెట్లో, కాలేజీ పిల్లల రికార్డులు కుట్టే షాపులో ఇచ్చి రెండు సగాలూ కలిపి కుట్టించింది. ఎర్ర గుడ్డ వెన్ను, గట్టి అట్ట. పిల్లల రికార్డులకు వేసినట్టే అట్ట మీద పేరు, క్లాసు, రోల్ నంబరు రాసుకోవడానికి కాగితం కూడా అతికించి ఇచ్చారు. ఆమె దాన్ని పీకలేదు.

"సదివి తే," అంది. "ఇంత దూరమొచ్చి కిందకి దిగనేదేటిరా ఆ మనిసి?"

వరండాలో కూర్చుని నేరుగా రెండో సగానికి వెళ్ళాను. ఇప్పుడు అది రెండో సగం అని తెలియడానికి కుట్టు దగ్గర చిన్న ఎత్తు తప్ప ఏమీ లేదు. మన ఊరు దొరికింది. అర పేజీ కూడా లేదు. ఓడకు బెర్తు దొరకలేదు. హార్బరు బయట లంగరు వేసి రోజుల తరబడి నిలబెట్టారు. అతన్ని ఒడ్డుకు వెళ్ళనివ్వలేదు. దూరంగా కొండ, దాని మీద లైట్‌హౌస్ కనిపించాయి. వంటవాడు అన్నం మాడ్చాడు. ఆ మాడిన అన్నం గురించి అయిదు వాక్యాలు, ఊరి గురించి రెండు. తమ ఓడ ఇక్కడ ఉన్నట్టు ఆ ఊళ్ళో ఎవరికైనా తెలుసా అని అతనికి అనుమానం వచ్చింది. తర్వాతి పేరాలో ఓడ ఇంకో రేవులో ఉంది.

నాకు తెలుసు. అక్కడ వేసిన సంవత్సరం నేను ఓడల కాలమ్ రాస్తున్నప్పటిది; ఆ ఓడ పేరు నేను రాసే ఉంటాను, ఆఖరి వరసలో. డెస్కు కోసే ఉంటుంది. బావ నవ్వింది దానికే అయ్యుంటుంది. అడగడానికి లేదు.

అక్క టీ తెచ్చి పక్కన కూర్చుంది. "దొరికిందేటి?" అంది. దొరికిందన్నాను. నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది, ఆమె నవ్వింది మాడిన అన్నానికి. తర్వాత నేను మొదటి పేజీకి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను.

ఇంకో పుస్తకం తెమ్మని అడిగింది. తెచ్చాను. ముందు ఆమె చదువుతుంది, నేను ఆగుతాను. బ్లేడు బావ షేవింగ్ డబ్బాలోనే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు పుస్తకాలు కోయడం లేదు.